చెపాక్‌లో అతిథి జట్టు

బుధవారం, సెప్టెంబరు 18, 2024

నెల్లూరువాళ్లకు మద్రాసు దూరం కాదు. బేసిన్ బ్రిడ్జి దగ్గర ఆగిపోయిన రైల్లోంచి సెంట్రల్ స్టేషనే దూరం. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట చకచకా దాటిన బండి అక్కడికొచ్చి నిలబడిపోయింది. ఎదుటి సీటాయన చెప్పులు తొడుక్కుని, సంచి ఒళ్లో పెట్టుకుని, కాసేపు చూసి, మళ్లీ చెప్పులు విడిచి కాళ్లు పైకి పెట్టుకున్నాడు. ఆ ఖాళీలో ఫోన్ తీసి బంగ్లాదేశ్ పర్యటన షెడ్యూలు మరోసారి చూశాను. రేపటి నుంచి చెన్నైలో మొదటి టెస్టు, 27 నుంచి కాన్పూరులో రెండోది. ఆ తర్వాత అక్టోబరు 6న గ్వాలియర్, 9న ఢిల్లీ, 12న హైదరాబాద్‌లో టీ20లు. వన్డేలు లేవు. ఐదు ఊళ్లు, రెండు ఫార్మాట్లు, ప్రాక్టీసు మ్యాచ్ మాత్రం ఒక్కటీ లేదు.

నేను వెళ్లింది మనవాళ్ల ఆట కోసం మాత్రమే కాదు. పాకిస్తాన్ వెళ్లి రావల్పిండిలో రెండు టెస్టులూ గెలిచి వచ్చిన జట్టు ఇది. మొదటిది పది వికెట్లతో, రెండోది ఆరు వికెట్లతో. అంతకుముందు పాకిస్తాన్ మీద వాళ్లకు ఒక్క టెస్టు గెలుపు కూడా లేదు. అదీ ఆగస్టులో సొంత దేశంలో ప్రభుత్వమే కూలిపోయిన రోజుల్లో సాధించారు. టెస్టుల్లో భారత్‌ను ఎన్నడూ ఓడించని ఆ జట్టు, ఇంత ఊపు మీద చెన్నైలోని చెపాక్ స్టేడియానికి వస్తే ఏం చేస్తుందో కళ్లారా చూడాలనిపించింది.

బస పెరంబూరులో బాబాయి ఇంట్లో. రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. వీధిలో తమిళం, గడప లోపల నెల్లూరు తెలుగు. ఊరి పేరు మారి ఎన్నేళ్లయినా ఆయనకు అది మద్రాసే. రాత్రి అన్నాల దగ్గర షెడ్యూలు చదివి వినిపిస్తే చెయ్యి ఆపేశాడు.

"ప్రాక్టీసు మ్యాచ్ లేకుండా టూరేందబ్బయ్యా? విమానం దిగేది, టెస్టు ఆడేదా? జార్డిన్ జట్టు మద్రాసు టెస్టుకొచ్చేలోపు దేశమంతా తిరిగి ఆడేసింది తెలుసా?"

అది 1933-34 నాటి సంగతి, జార్డిన్ అప్పటి ఇంగ్లండ్ కెప్టెన్. బాబాయి అప్పటికి పుట్టనైనా లేదు. అయినా నిన్న చూసొచ్చినట్టే చెబుతాడు. నెలల తరబడి సాగిన ఆ టూరులో టెస్టులు మూడే. మూడోది ఈ చెపాక్‌లోనే, 1934 ఫిబ్రవరిలో. ఈ ఊళ్లో జరిగిన మొట్టమొదటి టెస్టు అదే. మన కెప్టెన్ సి.కె. నాయుడు. 202 పరుగులతో ఓడిపోయాం.

గురువారం, సెప్టెంబరు 19

పెరంబూరు నుంచి లోకల్ రైల్లో మూర్ మార్కెట్, అక్కడ మెట్రో ఎక్కి ఒక్క స్టాపు, గవర్నమెంట్ ఎస్టేట్‌లో దిగితే వాలాజా రోడ్డు వెంట నడక. బాబాయి రాలేదు. మెట్లు ఎక్కడానికి మోకాళ్లు ఒప్పుకోవట, టీవీలో చూస్తానన్నాడు. దారంతా టీమిండియా నీలం చొక్కాలు, చెన్నై సూపర్ కింగ్స్ పసుపు చొక్కాలు. టెస్టు మ్యాచ్‌కి కూడా పసుపు చొక్కా వేసుకొచ్చేది ఈ ఊరివాళ్లే. సంచి, నీళ్లసీసా గేటు బయటే వదిలేసి లోపలికి వెళ్లేసరికి టాస్ అయిపోయింది. బంగ్లా కెప్టెన్ శాంటో గెలిచి బౌలింగ్ తీసుకున్నాడు.

చుట్టూ చిన్న కలకలం. చెపాక్‌లో టాస్ గెలిచినవాడు బ్యాటు పట్టుకోవడం ఆనవాయితీ. ఇక్కడ అంతకుముందు బౌలింగ్ ఎంచుకున్నది 1982లో ఇంగ్లండ్ కెప్టెన్ ఫ్లెచర్. ఆ మ్యాచ్‌లో గుండప్ప విశ్వనాథ్ 222 కొట్టాడు. ఒక రోజు మొత్తం ఒక్క వికెట్ కూడా పడకుండా విశ్వనాథ్, యశ్‌పాల్ శర్మ ఆడేశారు. ఆ లెక్కన శాంటోది సాహసమే. కానీ పైన మబ్బు పట్టి ఉంది, పిచ్‌లో తేమ ఉంది. పైగా ఈసారి వేసింది ఎర్రమట్టి పిచ్. స్పిన్ తిరిగే పాత నల్లమట్టి కాదు, బంతి లేచొచ్చే రకం.

గంట గడిచేసరికి శాంటో మొనగాడయ్యాడు. హసన్ మహమూద్ అనే కుర్రాడు పరుగెత్తుకొచ్చి బంతిని అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిలిస్తున్నాడు. రోహిత్ స్లిప్‌లో క్యాచ్, ఆరు. గిల్ లెగ్‌సైడ్ కీపర్‌కి, సున్నా. కోహ్లీ వచ్చినప్పుడు లేచిన అరుపులు ఇంకా సద్దుమణగకముందే డ్రైవ్ ఆడబోయి కీపర్‌కి, ఆరు. 34కే మూడు వికెట్లు. ముగ్గురూ ఒక్కడికే. పంత్ కాసేపు నిలబడి లంచ్ తర్వాత 39కి అతనికే చిక్కాడు. జైస్వాల్ 56 కొట్టి నహీద్ రాణా వేగానికి స్లిప్‌లో దొరికిపోయాడు. రాహుల్ కూడా పోయేసరికి 144కి ఆరు.

నా పక్క సీటులో ఆకుపచ్చ జెర్సీ వేసుకున్న ఒకాయన కూర్చున్నాడు. ఢాకా దగ్గరి ఊరట. వాళ్లన్నయ్యకు ఇక్కడ ఆపరేషన్ అయింది, తోడుగా వచ్చాడు. గ్రీమ్స్ రోడ్ చుట్టుపక్కల లాడ్జీలకూ మెస్సులకూ బెంగాలీ బోర్డులు ఉంటాయని విన్నాను గానీ అక్కడ బసచేసిన మనిషితో మాట్లాడటం ఇదే మొదలు. ఆ మధ్య వీసాలు కష్టమైపోయాయని, వాళ్లది ముందే వచ్చింది కాబట్టి సరిపోయిందని చెప్పాడు. ఆయన హిందీ, నా హిందీ రెండూ సినిమా హిందీలే. కోహ్లీ అవుటైనప్పుడు ఆయన చప్పట్లు కొట్టాలా వద్దా అన్నట్టు ఇటూ అటూ చూశాడు. వెనక వరసలో ఒక పెద్ద తమిళాయన ముందుగా తనే చప్పట్లు కొట్టాడు. దాంతో ఈయనకు ధైర్యం వచ్చింది.

చెపాక్ జనం గురించి చెప్పేదంతా అతిశయోక్తి అనుకునేవాణ్ణి. 1999 జనవరిలో సచిన్ 136 కొట్టినా 12 పరుగులతో మ్యాచ్ పోతే, గెలిచిన పాకిస్తాన్ జట్టు మైదానం చుట్టూ తిరుగుతుంటే స్టేడియమంతా లేచి నిలబడిందంటారు. అంతకు రెండేళ్ల ముందు సయీద్ అన్వర్ ఇక్కడే 194 కొట్టినప్పుడు కూడా అంతే. హసన్ మహమూద్ బౌండరీ దగ్గరకు ఫీల్డింగ్‌కి వచ్చినప్పుడు మా స్టాండులో చప్పట్లు పడటం చూశాక ఆ మాటలు నమ్మబుద్ధి వేసింది.

ఇక మధ్యాహ్నం. ఈ పర్యటన మొత్తం తేలిపోయింది ఈ రెండు మూడు గంటల్లోనే అని నా అభిప్రాయం.

మబ్బు తొలగింది. ఉక్కపోత మొదలైంది. బంతి పాతబడింది. క్రీజులో ఉన్నవాళ్లిద్దరూ ఈ నేల ఎరిగినవాళ్లు. అశ్విన్ ఈ ఊరివాడే, పశ్చిమ మాంబళం కుర్రాడు. జడేజా ఏళ్లకేళ్లు పసుపు చొక్కాలో ఇక్కడే ఆడాడు, జనానికి సొంత మనిషి. అశ్విన్ వచ్చీ రాగానే టీ20లో లాగా బ్యాటు ఝళిపించాడు. ఆఫ్‌సైడ్ కాస్త చోటు దొరికితే చాలు, గాల్లోకి లేపి కొట్టడమే. టీ వేళకు 176. ఆ తర్వాతి సెషన్‌లో 163 పరుగులు. పొద్దున పులుల్లా ఉన్న ఫాస్ట్ బౌలర్లు ఓవర్ ఓవర్‌కీ నడుం మీద చేతులు పెట్టుకుంటున్నారు. రోజంతా కలిపి 80 ఓవర్లే పడ్డాయి. ఎండకు అలసిన జట్టు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి స్కోరుబోర్డు చూడక్కర్లేదు. ఓవర్ల మధ్య ఫీల్డర్లు ఎంత నెమ్మదిగా నడుస్తున్నారో చూస్తే చాలు.

వాళ్లు రావల్పిండిలో వేసింది కూకబురా కంపెనీ బంతి. ఇక్కడ ఎస్‌జీ కంపెనీది. చేతికుట్టు, దారం ఎత్తుగా ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు పట్టు చిక్కుతుంది, నిజమే. పాతబడ్డాక దానితో ఏం చేయాలన్నది రెండు మూడు రోజుల నెట్స్‌లో వచ్చే విద్య కాదు. బాబాయి మాట నాకప్పుడు గుర్తొచ్చింది.

అశ్విన్ 108 బంతుల్లో సెంచరీ చేసినప్పుడు లేచిన శబ్దం చెవుల్లో గుయ్‌మంది. ఆ డిసెంబరులోనే బ్రిస్బేన్‌లో రిటైర్మెంట్ ప్రకటించేశాడు కాబట్టి, ఇదే ఆయన ఆఖరి టెస్టు సెంచరీ అని ఇప్పుడు తెలుసు. అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఆట ఆగేసరికి 339కి ఆరు. అశ్విన్ 102, జడేజా 86.

రాత్రి ట్రిప్లికేన్ హైరోడ్డులో రత్నా కేఫ్. ఇడ్లీ కనపడకుండా సాంబారు పోసి, తింటుంటే మళ్లీ పోస్తారు. పక్క టేబుల్ దగ్గర చిత్తూరు యాసలో నలుగురు కుర్రాళ్లు, ఓఎంఆర్‌లో ఐటీ ఉద్యోగాలట, "రేపు సిరాజ్ చూసుకుంటాడ్లే" అనుకుంటున్నారు.

శుక్రవారం, సెప్టెంబరు 20

పదిహేడు వికెట్లు పడిన రోజు. చూసినవాడికి పండగే గానీ రాయడానికి వరసలు కుదరవు.

జడేజా ఒక్క పరుగైనా కలపకుండా 86 దగ్గరే వెనుదిరిగాడు. అశ్విన్‌తో భాగస్వామ్యం 199 దగ్గర ఆగింది. అశ్విన్ 113. హసన్ మహమూద్‌కు ఐదో వికెట్‌గా బుమ్రా దొరికాడు. 83 పరుగులకు ఐదు వికెట్లు. బంతి పైకెత్తి చూపిస్తే మళ్లీ చప్పట్లు. మనం 376.

తర్వాత వాళ్ల బ్యాటింగ్. బుమ్రా మొదటి ఓవర్లోనే షాద్‌మాన్ బ్యాటు పైకెత్తి వదిలేసిన బంతి లోపలికి దూసుకొచ్చి స్టంపులు లేపేసింది. ఆకాశ్ దీప్ వరస బంతుల్లో ఇద్దర్ని బౌల్డ్ చేశాడు. సిరాజ్ బంతికి శాంటో స్లిప్‌లో కోహ్లీకి చిక్కాడు. నా వెనక "మన హైదరాబాదోడు!" అని తెలుగు అరుపు. రాత్రి కుర్రాళ్లేనేమో అని తిరిగి చూశాను, కాదు, వేరేవాళ్లు. ఈ స్టేడియంలో ఏ మూల కూర్చున్నా ఒక తెలుగు గొంతు వినపడుతుంది. 40కి ఐదు. షకీబ్ 32 కొట్టి, రివర్స్ స్వీప్ ఆడబోతే బంతి బూటుకు తగిలి గాల్లోకి లేచి పంత్ చేతిలో పడింది. 149 ఆలౌట్. బుమ్రాకు నాలుగు. 227 పరుగుల లీడ్ ఉన్నా ఫాలో ఆన్ ఇవ్వకుండా, అంటే వాళ్లనే వెంటనే మళ్లీ ఆడించకుండా, మనవాళ్లే మళ్లీ దిగారు. సాయంత్రానికి 81కి మూడు.

ఆకుపచ్చ జెర్సీ ఆయన ఈ రోజు రాలేదు. అన్నయ్యకు డ్రెస్సింగ్ మార్చే రోజని నిన్ననే చెప్పాడు.

శనివారం, సెప్టెంబరు 21

వారాంతం కావడంతో జనం కిటకిట. పంత్, గిల్ ఇద్దరూ సెంచరీలు. 2022 డిసెంబరులో జరిగిన ఘోరమైన కారు ప్రమాదం తర్వాత పంత్ ఆడుతున్న మొదటి టెస్టు ఇదే. వంద దాటాక కళ్లు మూసుకుని కాసేపు నిలబడ్డాడు. ఆయనది 109, గిల్‌ది అజేయంగా 119. 287కి నాలుగు దగ్గర డిక్లేర్ చేశారు. టార్గెట్ 515.

బ్యాటింగ్ చేస్తూనే పంత్ ఒక దశలో బంగ్లా కెప్టెన్‌కి ఫీల్డర్‌ను ఎక్కడ పెట్టాలో చూపించాడు, వాళ్లు పెట్టారు కూడా! స్టాండులో కూర్చున్న మాకు చేతులు ఊపడమే కనిపించింది. స్టంప్ మైక్‌లో పడిన మాటలు తర్వాత ఫోన్లో విని నవ్వుకున్నాం. టీవీలో చూసినవాళ్లకున్న సుఖాలు కొన్ని స్టేడియానికి వెళ్లినవాళ్లకు ఉండవు. అందరూ తమాషాగా తీసుకున్నారు గానీ నాకు మాత్రం మరోలా అనిపించింది. ప్రత్యర్థి బ్యాటర్ చెప్పిన చోట ఫీల్డర్‌ను పెట్టే స్థితికి వచ్చారంటే, ఇక తమ ఆలోచన అయిపోయిందని వాళ్లే ఒప్పుకున్నట్టు.

అయినా ఓపెనర్లు తెగించి ఆడారు. 62 పరుగులు జోడించాక జాకిర్ బ్యాటు అంచుకు తగిలిన బంతిని జైస్వాల్ గల్లీలో ఎడమవైపు దూకి పట్టేశాడు. తర్వాత అశ్విన్ ముగ్గుర్ని తీశాడు. వెలుతురు తగ్గి ఆట ముందే ఆపేశారు. 158కి నాలుగు. శాంటో 51తో ఇంకా ఉన్నాడు.

ఆదివారం, సెప్టెంబరు 22

పొద్దున మొదటి గంట శాంటో, షకీబ్ నిలకడగా ఆడారు. మా వరసలో ఒక పెద్దావిడ, "అయిదో రోజుకి కూడా టికెట్ కొనాలేమో" అని మనవడితో అంటోంది. అచ్చ తెలుగు. తిరుత్తణి నుంచి వచ్చారట. ఆమె ఆ మాట అన్న కాసేపటికే 194 దగ్గర షకీబ్ షార్ట్ లెగ్‌లో దొరికాడు. అంతే, గోడ కూలింది. 40 పరుగుల్లో ఆరు వికెట్లు. శాంటో 82. లంచ్‌కి ముందే 234 ఆలౌట్. 280 పరుగుల గెలుపు. అశ్విన్‌కు 88 పరుగులకు ఆరు. ఐదేసి వికెట్లు తీయడం ఇది 37వ సారి, షేన్ వార్న్‌తో సమానం. ఒకే టెస్టులో సెంచరీ, ఐదు వికెట్లు ఇదే మైదానంలో 2021లో ఇంగ్లండ్ మీద కూడా చేశాడు.

ఇంకో లెక్క కూడా ఉంది. ఇది భారత్‌కు 179వ టెస్టు విజయం. ఓటములు 178. అంటే 1932 నుంచి ఆడుతున్న ఆటలో మన గెలుపులు ఓటములను దాటింది ఇప్పుడే. ఈ మాట ఫోన్లో చెబితే బాబాయి వెంటనే, "మొదటిది కూడా చెపాక్‌లోనే కదరా" అన్నాడు. అవును. 1952 ఫిబ్రవరి 10. ఇంగ్లండ్ మీద ఇన్నింగ్స్ ఎనిమిది పరుగులతో. వినూ మన్కడ్ పన్నెండు వికెట్లు తీశాడు.

మధ్యాహ్నం మొత్తం ఖాళీ. చెపాక్ స్టేషన్‌లో పైవంతెన రైలెక్కాను. మన కోస్తా పొడవునా సాగివచ్చే బకింగ్‌హాం కాలువలోనే ఈ రైలుకు స్తంభాలు దింపారు. కిందికి చూస్తే నీళ్లు నల్లగా ఉన్నాయి. తిరుమయిలైలో దిగి లజ్ వైపు నడిచాను. అటు వెళ్లడానికి కారణం బుచ్చిబాబు నాయుడు.

మద్రాసు క్రికెట్‌కి పితామహుడని తమిళులే చెప్పుకునే ఈయన మన తెలుగాయన. ఇల్లు ఈ లజ్‌లోనే. చెపాక్ మైదానం అప్పట్లో దొరల క్లబ్బుది, మద్రాస్ క్రికెట్ క్లబ్. మనవాళ్లకు అందులో చోటు లేదు. ఆయన 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టి కుర్రాళ్లకు బ్యాటూ బంతీ ఇచ్చి ఆడించారు. దొరలకూ మనవాళ్లకూ మధ్య ఏటా మ్యాచ్ జరగాలని పట్టుబట్టారు. ఆ మ్యాచ్ జరగాల్సిన 1908లో, దానికి కొద్ది రోజుల ముందే కన్నుమూశారు. ఆయన కొడుకు సి. రామస్వామి భారత్ తరఫున టెస్టు క్రికెట్ ఆడారు, డేవిస్ కప్ టెన్నిస్ కూడా ఆడారు. ఇంతటి మనిషి పేరు ఒక టోర్నమెంటుకు ఉండబట్టి మిగిలింది గానీ, మన వైపు క్రికెట్ అకాడమీల్లో పిల్లల్ని అడిగితే ఎంతమందికి తెలుస్తుందో. రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు స్మారక భవనం ముందు కూడా కాసేపు ఆగాను. ఆయన ప్రాయోపవేశం చేసి ప్రాణం విడిచింది 1952 డిసెంబరులో. అంటే చెపాక్‌లో ఆ మొదటి గెలుపు వచ్చిన ఏడాదే.

రాత్రి బాబాయి తన ముచ్చట ఎత్తుకున్నాడు. 1986లో ఇదే సెప్టెంబరు 22న ఆయన చెపాక్‌లో ఉన్నాడు. ఆస్ట్రేలియాతో టై అయిన టెస్టు. 348 కొట్టాలి, 347 దగ్గర మణీందర్ సింగ్ ఎల్బీ. అవతలి వైపు రవిశాస్త్రి 48తో నిలబడిపోయాడు. ఆ మ్యాచ్‌లోనే డీన్ జోన్స్ ఈ ఎండకు వాంతులు చేసుకుంటూ 210 కొట్టి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకున్నాడు. "మణీందర్‌కి అది బ్యాటుకు తగిలిందిరా" అని బాబాయి ఇప్పటికీ అంటాడు. ఆయన కూర్చున్న చోటి నుంచి అదెలా కనపడిందో పిన్ని అడిగింది. జవాబు రాలేదు.

సోమవారం, ఆ తర్వాత

పొద్దున రైలెక్కి మధ్యాహ్నానికి ఇంట్లో ఉన్నాను. మిగతా టూరు టీవీలోనే. కాన్పూరులో రెండు రోజులు ఒక్క బంతీ పడలేదు. అయినా మనవాళ్లు మూడు ఓవర్లలో యాభై, 10.1 ఓవర్లలో వంద కొట్టి, 285 దగ్గర డిక్లేర్ చేసి ఏడు వికెట్లతో గెలిచారు. షకీబ్‌కు అదే చివరి టెస్టు. ఫార్మాట్ మారినా కథ మారలేదు. గ్వాలియర్‌లో వాళ్లు 127. ఢిల్లీలో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 34 బంతుల్లో 74 కొట్టి రెండు వికెట్లు కూడా తీశాడు. దసరా రోజు హైదరాబాద్‌లో సంజూ శాంసన్ సెంచరీ, స్కోరు 297. ఆ రాత్రి బాబాయి ఫోన్ చేసి, "చూశావా, ప్రాక్టీసు మ్యాచ్ లేకుండా వస్తే ఇంతే" అన్నాడు.

నాలుగు రోజులకు బెంగళూరులో న్యూజిలాండ్ టెస్టు మొదలైంది. వాళ్లూ ప్రాక్టీసు మ్యాచ్ ఆడలేదు. మనవాళ్లను 46కే పడగొట్టి, 1988 తర్వాత మన దేశంలో తొలి టెస్టు గెలిచారు. ఆ పైన పుణే, ముంబై కూడా గెలిచి 3-0 చేశారు. ఇప్పుడేమంటావని ఫోన్ చేశాను.

"వాళ్లు గ్రేటర్ నోయిడాలో అఫ్గానిస్తాన్‌తో టెస్టుకని వచ్చి అయిదు రోజులు వాన చూసి, శ్రీలంక పోయి రెండు టెస్టులు ఓడి వచ్చారబ్బయ్యా," అన్నాడు బాబాయి. "ఇంకేం ప్రాక్టీసు కావాల?"